పుదీనా రెమ్మ, లంద గోలెం

మొన్న దసరాకి ఊరికి పోయినప్పుడు మా పెదనాయినకి ఫోన్‌లో ఒక వీడియో చూపించాను. మొరాకో దేశంలో ఫెజ్ అనే పాత పట్నం ఉంది, అక్కడ షువారా అని తోళ్లు శుద్ధి చేసే పెద్ద జాగా ఉంది. పైనుంచి చూస్తే రాతితో కట్టిన గుండ్రటి తొట్లు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. కొన్నింట్లో తెల్లటి నీళ్లు, కొన్నింట్లో ఎర్రవి, కొన్నింట్లో గోధుమరంగువి. మనుషులు తొడల దాకా వాటిలో దిగి తోళ్లు తొక్కుతుంటారు. చుట్టూ ఉన్న చెప్పుల షాపులు, సంచుల షాపుల మిద్దెల మీద టూరిస్టులు నిలబడి ఫొటోలు తీసుకుంటుంటారు.

పెదనాయినకి డెబ్బై దాటి చాలా ఏళ్లయింది. కళ్లజోడు సర్దుకుని, ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని, నేనేమీ చెప్పకముందే చదవడం మొదలుపెట్టాడు. నిజంగా చదవడమే, వేరే మాట లేదు.

"గా తెల్లవి సున్నం తొట్లు. గా పిలగాడు బూరు గీకుతుండు, జూడు, మొద్దు కత్తితోని. గీ గోధుమరంగువి చెక్క నీళ్లు. ఏం చెక్క వేస్తరంట ఆడ?"

ఏం చెక్కో నాకు తెలియదు. తెల్ల తొట్లలో సున్నంతో పాటు పావురాల రెట్ట కూడా కలుపుతారని మాత్రం ఎక్కడో చదివాను, అదే చెప్పాను. ఛీ అంటాడేమో అనుకున్నా. అనలేదు. కాసేపు ఆలోచించి "సున్నం ఇరగ్గొట్టాలె గద, తోలు మెత్తబడాలె గద. మేము పాత చెక్క నీళ్లు పోసి ఇరగ్గొడుతుంటిమి. ఆళ్లకు పావురాలు దొరికినయ్" అన్నాడు. రెట్టలో ఉండే అమ్మోనియా వల్ల తోలు మెత్తబడుతుందని ఆ రాత్రి నేను ఇంటర్నెట్‌లో వెతికి తెలుసుకున్నా. ఆయన వెతకలేదు.

అప్పుడు కెమెరా పైకి తిరిగింది. మిద్దె మీది జనం కనిపించారు.

"గాళ్లెవరు?"

"టూరిస్టులు పెదనాయినా. చూడనీకి వస్తరు."

"ఏం జూస్తున్నరు?"

"తోళ్ల పని."

"మరి ముక్కుల కాడ ఏంది గది, ఆకు?"

"పుదీనా. వాసన తెలవకుండా షాపువాళ్లు చేతిలో పెడతరంట."

ఫోన్ నా చేతికిచ్చేశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వుతూనే అన్నాడు, ఆ నవ్వు నాకు నచ్చలేదు కానీ: "మన దిక్కు వచ్చేటోళ్లు తువ్వాల అడ్డం బెట్టుకొని పోతుండె. పుదీనా అయితే మంచిగుండు."

ఈ పోస్టు రాయాలనిపించింది ఆ మాట వల్లే.

మా ఊరు నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో, కొండమల్లేపల్లి దాటాక లోపలికి పోవాలి. మేం మాదిగోళ్లం. మా తాత, పెదనాయిన లంద పని చేశారు. మా నాయన హాస్టల్లో చదువుకుని గవర్నమెంటు ఉద్యోగంలో పడ్డాడు, లందలో చెయ్యి పెట్టలేదు. నేను హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని పనిచేస్తా. అంటే మూడు తరాల్లో ఒక విద్య పూర్తిగా పోయింది, పోయినందుకు మా ఇంట్లో ఎవరూ ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే "అంతరించిపోతున్న మన అద్భుత హస్తకళ" టైపు పోస్టు కోసం వచ్చినవాళ్లు నిరాశపడతారు.

లంద అంటే తెలియనివాళ్లకి: తోలు నానబెట్టే గుంత, లేకపోతే పెద్ద కుండ. మా దగ్గర ఊరి చివర వాగు పక్కన ఉండేది. భూమిలో సగం దాకా పాతిన పెద్ద గోలేలు మూడో నాలుగో ఉండేవట, ఒక దాంట్లో సున్నం నీళ్లు, మిగతావాట్లో తంగేడు చెక్క, అంటే బెరడు, వేసి నానబెట్టిన నీళ్లు. ఇప్పుడు అక్కడ సర్కారు తుమ్మ పెరిగింది. ఆ సాయంత్రం పెదనాయిన నన్ను తీసుకుపోయి, చెప్పు కాలితో మట్టి గీకి, ఒక గోలెం అంచు చూపించాడు. బెత్తెడు పెంకు. లోపలి వైపు ఇప్పటికీ నల్లగా ఉంది, వేలితో రుద్దితే పోదు.

పని ఎట్లా చేసేవాళ్లో ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. పశువు చస్తే కబురొస్తుంది. పోయి, మోసుకొచ్చి, తోలు ఒలిచి, మంచినీళ్లలో నానబెట్టి రక్తం, మట్టి అంతా పోయేదాకా కడుగుతారు. తర్వాత సున్నం గోలెంలో వేస్తారు. రోజుకోసారి తీసి తిప్పి మళ్లీ వేయాలి, లేకపోతే ఒకచోట కాలినట్టయి ఒకచోట పచ్చిగా ఉంటుంది. అయిదారు రోజులకో, చలికాలమైతే ఇంకో రెండు మూడు రోజులకో, వేళ్లతో పట్టి లాగితే వెంట్రుక ఊడొస్తుంది. అప్పుడు దుంగ మీద పరిచి మొద్దు కత్తితో పైన బూరు గీకి, తిరగేసి పదును కత్తితో కండ, కొవ్వు గీకేస్తారు. ఈ రెండోదే కష్టం. చెయ్యి ఒక్క పిసరు జారిందంటే తోలుకి బొక్క పడుతుంది, బర్రెతోలుకి బొక్క పడితే ఇక అది మోటకి, అంటే బావిలోంచి నీళ్లు తోడే తోలు బొక్కెనకి, పనికిరాదు.

సున్నం పోయేదాకా కడిగి, కడిగి, తంగేడు నీళ్లలో వేస్తారు. ముందు పాత నీళ్లు, అంటే ఇంతకుముందు తోళ్లు నానిన, పులిసిన, బలం తగ్గిన నీళ్లు. ఆ తర్వాత కొంచెం బలమైనవి. చివరికి కొత్త చెక్క దంచి వేసిన చిక్కటి నీళ్లు. ఇక్కడితో అయిపోలేదు. ఆ తోలును నారతో చుట్టూ కుట్టి సంచిలాగా చేసి, మూడు కర్రలు కలిపి కట్టిన మంచెకి వేలాడదీసి, లోపల దంచిన చెక్క, నీళ్లు నింపుతారు. నీళ్లు తోలులోంచి చెమటలాగా ఊరుతూ కింద పెట్టిన కుండలో పడతాయి. ఆ నీళ్లే తీసి మళ్లీ పైన పోయాలి. కొన్ని రోజులయ్యాక కుట్టు విప్పి, తలకిందులు చేసి, మెడ వైపు కూడా అట్లాగే. బర్రెతోలుకి మొత్తం నెల దాటేదట, మేకతోలుకి అంత పట్టేది కాదు. ఆఖరున కరక్కాయ నీళ్లలో ముంచి, నూనె పట్టించి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే తంగేడు తోలు ఎర్రగా మారిపోతుంది, కరక్కాయ పట్టిస్తే ఆ ఎరుపు రాదు. ఇది మా పెదనాయిన ఒక్కడి తెలివి కాదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో మద్రాసు నుంచి ఓడలెక్కి పోయిన తోళ్లు కూడా ఇదే పద్ధతిలో తయారైనవి. ముందు తంగేడు, చివర కరక్కాయ. తంగేడును తమిళంలో ఆవారం అంటారు. ఇంగ్లీషులో ఆ మొక్క పేరు 'ట్యానర్స్ కాసియా', అంటే తోళ్లు పదును చేసేవాళ్ల మొక్క అని పేరులోనే ఉంది.

2014లో తెలంగాణ వచ్చాక తంగేడు పువ్వు రాష్ట్ర పుష్పం అయింది. బతుకమ్మలో తంగేడు లేకపోతే బతుకమ్మే కాదు, దాని మీద పాటలు, పోస్టర్లు, వాట్సాప్ స్టేటస్‌లు. మంచిదే, నాకూ ఇష్టమే. కానీ మా పెద్దమ్మ ఒకసారి పువ్వులు తెంపుతూ "పువ్వు ఊరందరిది, చెక్క మనది ఒక్కలది" అంది. మొక్క ఒక్కటే. పువ్వు గుడి ముందట తాంబాళంలో ఉంది, చెక్క ఊరవతల గుంతలో ఉంది.

కొంచెం సైన్సు. పచ్చి తోలులో ఎక్కువ భాగం నీళ్లు, మిగతాది కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు. తంగేడు చెక్కలోని టానిన్ ఆ పోగులకి అతుక్కుని, నీళ్లు ఉన్న చోట తాను కూర్చుంటుంది. ఇక సూక్ష్మజీవులకి తినడానికి అందదు కాబట్టి కుళ్లదు. పాలు పోయని చిక్కటి టీ నోట్లో పోసుకుంటే నాలుక బిగుసుకున్నట్టు ఉంటుంది చూడండి, అదే పని. మా తాతకి కొల్లాజెన్ అనే మాట తెలియదు. నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఎంత వగరుందో చూసి, ఇంకో తట్ట చెక్క వేయాలా వద్దా చెప్పేవాడట.

1800ల చివర్లో అమెరికాలో క్రోమియం ఉప్పుతో తోలు శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టారు. మా లందలో నెల పట్టేది ఆ పద్ధతిలో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. 1900ల మొదట్లో అది మద్రాసుకి వచ్చింది. చెన్నైలో క్రోంపేట అనే పేరు కూడా అక్కడి క్రోమ్ లెదర్ కంపెనీ నుంచి వచ్చిందే. 1948లో అదే చెన్నైలో సీఎల్ఆర్ఐ, అంటే కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ పెట్టారు. దానికి 1958 నుంచి డైరెక్టర్‌గా ఉన్నది మన తెలుగాయనే, తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. అమెరికాలో లీహై యూనివర్సిటీలో తోలు మీద చదువుకుని వచ్చాడు, తర్వాత సీఎస్ఐఆర్‌కి, అంటే దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యాడు, 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలినప్పుడు అందులో ఉన్నాడు. ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితమంతా తోలు మీద పెట్టాడని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. పెదనాయినకి చెప్తే మాత్రం "ఆయన చేస్తే సైన్సు, మేము చేస్తే ముట్టుడు" అని ఊరుకున్నాడు. నాయుడమ్మ మీద కోపం కాదది, పెదనాయిన గౌరవంగానే వింటున్నాడు. నిజం చెప్పాడు, అంతే.

ఇక మోట సంగతి. ఇప్పటి పిల్లలకి బావి కూడా తెలియదు, మోట ఇంకేం తెలుస్తుంది. కరెంటు మోటార్లు రాకముందు పాలమూరులో, నల్లగొండలో వ్యవసాయం అంటే బావి, బావి అంటే మోట. పెద్ద తోలు బొక్కెన, దాని కింద ఏనుగు తొండంలాంటి పొడుగాటి తోలు గొట్టం, దాన్ని తొండం అనే అంటారు. ఎడ్లు వాలు మీద కిందికి దిగుతుంటే నిండిన మోట పైకొస్తుంది, తొండం తాడు వదులు కాగానే నీళ్లు కాలవలో పడతాయి. బానలకు బానలు నీళ్లు ఒక్కసారి పైకొచ్చేవి. ఆ మోట లేనిదే వరి లేదు, మిరప లేదు, దొర గడీలో అన్నం లేదు. మోట చేసింది మేము. కమ్మరి కొలిమితిత్తి మేము, ఎడ్ల మెడ పట్టీలు మేము, చెర్నకోల మేము, డప్పు మేము, పెళ్లికొడుకు కిర్రుచెప్పులు మేము. ఊరంతా మా తోలు మీద నడిచి, మా తోలుతో తాగి, మా తోలు మోగించి దేవుడిని ఊరేగించి, ఆ దేవుడి గుడి మెట్టు మాత్రం మమ్మల్ని ఎక్కనియ్యలేదు.

కొన్నేళ్ల కింద ఒక మ్యూజియంలో (పేరు వద్దు) అద్దం వెనక మోట చూశాను. కింద చీటీ: "వ్యవసాయ పనిముట్టు, తోలు". చేసింది ఎవరు అన్న ముచ్చటే లేదు. ఆకాశం నుంచి ఊడిపడినట్టు. పక్క గదిలో చీరల దగ్గర మాత్రం "పద్మశాలీల నైపుణ్యం" అని చక్కగా రాశారు. వాళ్లకి రాసినందుకు నాకు ఏ బాధా లేదు, రాయాల్సిందే. మా చీటీ ఎక్కడ అని మాత్రమే అడుగుతున్నా.

నిజాం కాలంలో ఈ పని సగం వెట్టి. దొరకి, పట్వారీకి, పటేల్‌కి ఏటా చెప్పులు, మోటలు, తోలు తాళ్లు ఊరికే ఇవ్వాలి. తోలు మాదే, చెక్క మాదే, నెల రోజుల చాకిరీ మాదే, పైసా రాదు. 1946 నుంచి 1951 దాకా నల్లగొండలో జరిగిన సాయుధ పోరాటం గురించి మాట్లాడేటప్పుడు అందరికీ భూమి గుర్తొస్తుంది. మా తాతకి మాత్రం అది వెట్టి బందైన ఏడాది. "దొరకి చెప్పులు కుట్టడం మానేసిన రోజు" అని ఆయన లెక్క పెట్టుకునేవాడట, తేదీ తెలియకపోయినా.

తర్వాత లంద ఎట్లా పోయింది అంటే, ఎవరూ మూయించలేదు. కరెంటు మోటారు వచ్చింది, మోట పోయింది. రబ్బరు చెప్పు వచ్చింది, కిర్రుచెప్పు పోయింది. ట్రాక్టర్ వచ్చింది, ఎడ్ల పట్టీ పోయింది. పచ్చి తోళ్లు కొనే సేట్లు ఊళ్లోకే రావడం మొదలుపెట్టారు, ఉప్పు చల్లి లారీలో వేసుకుని పోయేవాళ్లు. పెదనాయిన మాటల్లో: "తోలు లారీ ఎక్కి పోయింది, చెప్పయి తిరిగొచ్చింది, మేమే పైసలిచ్చి కొనుక్కున్నం." ఇంకో కారణం కూడా ఉంది, అది చెప్పకపోతే అబద్ధం అవుతుంది. మా కుర్రాళ్లు చచ్చిన పశువును మోయం అన్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలై మా ఊళ్లకి వచ్చినప్పుడు, పేరు వెనక "మాదిగ" అని రాసుకోవడం మొదలైంది, అదే కాలంలో పశువును మోయడం ఆగింది. పేరు నిలబెట్టుకుని పని వదిలేశారు. నాకు ఇందులో ఏ గందరగోళమూ కనబడదు, బయటివాళ్లకి ఎందుకు కనబడుతుందో తెలియదు.

సరే, ఫెజ్‌కి వస్తే. అక్కడి పాత పట్నం మొత్తాన్ని 1981లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు, షువారా అందులో భాగం. జనం విమానాలెక్కి వస్తారు. మన దగ్గర? పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మంచి పర్యాటక గ్రామం అని గుర్తింపు ఇచ్చింది, ఆదివారం పోతే కార్లు నిలపడానికి చోటుండదు. గద్వాల చీరకి, నారాయణపేట చీరకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా చోటి సరుకే అనే అధికారిక గుర్తింపు, ఉంది. కొల్హాపురి చెప్పులకి 2019లో మహారాష్ట్ర, కర్ణాటక కలిపి జీఐ తెచ్చుకున్నాయి. అందుకే 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ అచ్చం అలాంటి చెప్పులు చూపించినప్పుడు గొడవ చేయడానికి వాళ్లకి ఒక కాగితం ఉంది, ఆ కంపెనీ చివరికి వీటికి ప్రేరణ భారతీయ సంప్రదాయ చెప్పులే అని ఒప్పుకోవాల్సి వచ్చింది. మా కిర్రుచెప్పులు రేపు ఎవరైనా ఎత్తుకుపోతే మేము ఏం చూపిస్తాం? తుమ్మచెట్టు కింద బెత్తెడు పెంకు చూపించాలి.

కాబట్టి మన దగ్గర కూడా ఒక లందను మళ్లీ కట్టి, టికెట్ పెట్టి, సెల్ఫీ పాయింట్ పెడితే? ఈ ఆలోచన నాకు కూడా వచ్చింది, రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఒక ప్రశ్న వచ్చింది: అందులో దిగేది ఎవరు? రోజూ పొద్దున సున్నం నీళ్లలో తొడల దాకా దిగి, కాళ్ల మీద తోలు పగిలి, సాయంత్రం దాకా మిద్దె మీది కెమెరాలకి కనబడేది ఎవరి కొడుకు? షాపు ఓనర్ కొడుకు దిగడు. టికెట్ కౌంటర్‌లో కూర్చునేవాడు కూడా దిగడు. నాకు తెలుసు ఎవరిని దింపుతారో. పోచంపల్లిలో నేతగాడు మగ్గం మీద కూర్చుంటాడు, చూడ్డానికి వచ్చినవాడు నిలబడతాడు. ఫెజ్‌లో పనివాడు గుంతలో ఉంటాడు, చూసేవాడు మిద్దె మీద ఉంటాడు. ఎత్తులో తేడా ఉంది, ఆ తేడా మన ఊళ్లలో ఇప్పటికే చాలా ఎక్కువగా ఉంది.

పాత పద్ధతి అంటే కాలుష్యం లేనిది అని కూడా కొందరు అంటారు. తమిళనాడులో పాలార్ నది చుట్టూ ట్యానరీలు చేసిన నాశనం మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, క్రోమ్ ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు. తంగేడు నీళ్లు అంత విషం కావు, నిజమే. కానీ ఆ నల్ల నీళ్లు, సున్నం నీళ్లు మా వాగులో కలిస్తే వాగు కంపు కొట్టేది, అది మా వాడకి తాగునీళ్ల వాగు కూడా. పెద్దమ్మ ఇప్పటికీ ఆ వాగు నీళ్లు ముట్టదు, ఎన్నో ఏళ్ల నుంచి శుభ్రంగానే ఉన్నా.

ఇదంతా ఆలోచిస్తూనే, ఇక ఊరుకోలేక, ఒక తోలు నేనే చేసి చూద్దామనుకున్నా. దసరాకి కోసిన మేక తోలు ఉంది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొన్నా. యూట్యూబ్ చూసి సున్నం కలిపా, గ్లవ్స్ లేకుండా కలిపి రెండు వేళ్లు బొబ్బలెక్కించుకున్నా. వెంట్రుక ఊడింది. ఇక తంగేడు చెక్క, ఎంత ఎక్కువ వేస్తే అంత తొందరగా అవుతుంది కదా అని రెండు గోనె సంచుల చెక్క కొట్టుకొచ్చి, మరిగించి, కషాయం లాంటి నల్లటి నీళ్లలో తోలు ముంచేశా. పెదనాయిన వరండాలో కూర్చుని అన్నీ చూస్తున్నాడు, ఒక్క మాట అనలేదు. పన్నెండో రోజు తీస్తే పైకి బ్రహ్మాండమైన రంగు, కానీ అప్పడంలాగా పెళుసుగా ఉంది. అప్పుడు లేచి వచ్చి, రంపెతో, అంటే తోలు కోసే కత్తితో, అంచు చిన్నగా కోసి నా కళ్ల ముందు పెట్టాడు. రెండు వైపులా గోధుమరంగు, మధ్యలో తెల్లగా ఒక గీత, క్రీమ్ బిస్కెట్ మధ్యలో క్రీములాగా. ఆ తెలుపు ఉన్నంత మేర పచ్చి తోలు, అంటే అది లోపల్నుంచి కుళ్లుతుంది.

"కొత్త కోడలు వచ్చిన దినమే ఇల్లంత నెత్తిన బెడితే ఏమైతది? బిగుసుకుంటది. తోలు గూడ గంతే. ముందుగాల పాత నీళ్లు."

బలమైన టానిన్ ఒక్కసారి తగిలితే పైపొర బిగుసుకుపోయి, లోపలికి దారి మూసేస్తుంది. పాత నీళ్లతో మొదలుపెట్టడం ఎందుకో అప్పుడు అర్థమైంది. ముందే చెప్పొచ్చు కదా అని అడిగితే "చెప్తే ఇంటవా" అన్నాడు. వినేవాణ్ని కాదు, నిజమే.

రెండోసారి, పాడైన డ్రమ్ములోని నీళ్లే దాచి, సగానికి సగం మంచినీళ్లు కలిపి మొదలుపెట్టాం. ఈసారి ఆయన చెప్పినట్టే. మూడు రోజులకోసారి ఒక దోసెడు చెక్క, రోజుకి రెండుసార్లు తిప్పడం. నేను హైదరాబాద్ వచ్చేస్తే పెద్దమ్మ తిప్పింది, తిట్టుకుంటూనే. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తిప్పుతున్న ఫొటో మా తమ్ముడు ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే ఆమె ఆ రోజంతా వాడికి అన్నం పెట్టలేదు. తిప్పుతున్నప్పుడు ఎల్లమ్మ కథ చెప్పేదట పిల్లలకి. పరశురాముడు తరుముకొస్తుంటే ఎల్లమ్మ ఊరంతా తిరిగి, ఎవరూ దాచకపోతే, మాదిగ లందలో దూరి దాక్కుందని మా దగ్గర చెప్తారు. "దేవతే కూసున్న నీళ్లు, నీకేం వాసనరా" అని మా తమ్ముడిని దబాయించిందట. అదే పెద్దమ్మ, అదే కొంగు.

ఇరవై మూడో రోజు అంచు కోశాం. తెల్ల గీత లేదు. ఇటు నుంచి అటు దాకా ఒకే రంగు, పాత బెల్లం రంగు. పెదనాయిన దాన్ని చెంపకి ఆనించుకుని చూశాడు, ఎందుకో నేను అడగలేదు. కరక్కాయ పట్టించి, ఆముదం రాసి, వరండాలో నీడకి వేశాం.

ఇదంతా మా ఆఫీసులో చెప్పుకుంటే ఒక ఫ్రెండు, ఫొటోల పిచ్చోడు, చూస్తానని బయల్దేరాడు. అట్లా మా లందకి మొదటి టూరిస్టు వచ్చాడు. కారు దిగి వాకిట్లోకి రాగానే వాసన తగిలి అక్కడే ఆగిపోయాడు, పాపం మర్యాదకి ముక్కు మూసుకోలేదు, నోటితో ఊపిరి తీసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఫెజ్ సంగతి ఎవరు చెప్పారో, పెద్దమ్మ గోడ పక్కన డబ్బాలో పెంచే పుదీనా ఒక రెమ్మ తుంచి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. పెదనాయిన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

వాడు కెమెరా తీసి, డ్రమ్ము దగ్గరికి పోయి, "తాతా, ఒకసారి చెయ్యి లోపల పెట్టు, అట్లా తోలు పైకి తీస్తున్నట్టు, లైటింగ్ చాలా బాగుంది" అన్నాడు. చెడ్డ మనసుతో అన్నది కాదు. పెదనాయిన వాడి వైపు చూశాడు, డ్రమ్ము వైపు చూశాడు, తువ్వాలతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. కోపమొచ్చిందేమో అని నాకు టెన్షన్. అయిదు నిమిషాలకి బయటికొచ్చాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు పోలేదు, మా చెల్లి పెళ్లికి కుట్టించింది. తల దువ్వుకున్నాడు. వరండాలోని కుర్చీ వెలుతురులోకి జరుపుకుని కూర్చుని, ఆరిన తోలును ఒళ్లో పరుచుకుని, కోసిన అంచు కెమెరాకి కనబడేట్టు పైకి తిప్పి పట్టుకున్నాడు.

"ఇగ తియ్యి" అన్నాడు.